చైనావారి ఆటపాట: మార్చవలసిందేది? మార్చకూడనిదేది?

పరీక్షలు దగ్గరపడుతున్నకొద్దీ పుస్తకం తప్ప మిగతావన్నీ ముచ్చటగా కనిపించటం విద్యార్థిలోకంలో కొత్త సంగతేమీ కాదు. అలాంటి ఒక రాత్రి హాస్టల్లో నా గది మిత్రుడికి సెల్‌ఫోనులో చైనా ఒపెరా ముక్క ఒకటి చూపించాను. తెల్లగా, బుగ్గల దగ్గర ఎర్రగా రంగు పూసిన ముఖం. ముంజేతులు దాటి మూరెడు పొడుగున వేలాడే తెల్లపట్టు చేతులు. ఆ అమ్మాయి ఒకే అక్షరం పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, అరనిమిషం దాకా వదల్లేదు. మావాడు చెవులు మూసుకుని, "ఒరేయ్, ఆ పిల్లకేదో అయింది, ముందు డాక్టర్ని పిలవండ్రా!" అన్నాడు. గదిలో వున్నవాళ్లంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వేశాను. నవ్వాక కొంచెం సిగ్గేసింది. ఏడాదిగా ఆ కళ గురించి దొరికిందల్లా చదువుతున్నవాణ్ణి నేను.

మావాణ్ణి తప్పుపట్టి లాభంలేదు. చైనాలో మా యీడు వాళ్లలో చాలామంది ఇంచుమించు ఇదే మాట అంటూ వచ్చారు. నెమ్మది, గోల, అర్థంకాదు, తాతల కాలంనాటిది అని. అక్కడ నాటకశాలల్లో రంగస్థలానికి పక్కన పాటల మాటలు అక్షరాల్లో వేసి చూపిస్తారు. అంటే చైనావాళ్లకే చైనా పాట చెవికి అందటంలేదన్నమాట గదా! మరి ఇటువంటి కళను ఏంచెయ్యాలి? గాజుపెట్టెలో పెట్టి దణ్ణం పెట్టాలా? లేక రంగుదీపాలు, పొగ, డ్రమ్ములు తగిలించి ఈ కాలపు వేషం వెయ్యాలా? ఈ రెండూ కాని దారి ఒకటి వుందనీ, ఆ దారిన నడిచినప్పుడు ఆ కళ బతికి బట్టకట్టిందనీ, అది తప్పినప్పుడు చావుదాకా పోయిందనీ నా అభిప్రాయం. కాదనేవాళ్లు వున్నారు. వాళ్ల మాట కూడా తర్వాత చెప్తాను.

ఒపెరా అన్న పేరు పడమటివాళ్లు పెట్టింది. చైనావాళ్లు 'షీచూ' అంటారు. 'షీ' అంటే ఆట, 'చూ' అంటే పాట. మన 'ఆటపాట' అన్న మాట అచ్చంగా సరిపోతుంది. ఇది ఒక్క కళ కాదు. చైనా ప్రభుత్వం దేశమంతా లెక్క తీయించి 2017లో ప్రకటించిన జాబితాలో 348 రకాలు తేలాయి. ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క యాస, ఒక్కొక్క బాణీ. వాటిలో వందకు పైగా రకాలకు ప్రభుత్వ బృందమన్నదే లేదు. ఊళ్లలో సొంతంగా నడుపుకునే చిన్న మేళాలే దిక్కు. మనం తరచు వినే పెకింగ్ ఒపెరా వయసులో మరీ పెద్దదేమీ కాదు. 1790లో చియెన్‌లుంగ్ చక్రవర్తి ఎనభయ్యో పుట్టినరోజు సందర్భంగా అన్‌హుయ్ ప్రాంతపు బృందాలు రాజధానికి రావటంతో దానికి బీజం పడింది. అంతకన్న చాలా పాతది సూజౌ నగరం పక్కనున్న కున్‌షాన్‌లో పుట్టిన 'కున్‌చూ'. 16వ శతాబ్దంలో వై లియాంగ్‌ఫూ అనే సంగీతజ్ఞుడు దాని బాణీకి మెరుగుపెట్టాడు. ఈ వ్యాసంలో ఎక్కువగా చెప్పబోయేది ఆ కున్‌చూ గురించే. ఎందుకంటే చచ్చి బతకటమంటే ఏమిటో దానికి తెలిసినంతగా మరోదానికి తెలియదు.

అయితే ముందు ఆ రంగస్థలం ఎలా వుంటుందో చెప్పాలి. ఒక బల్ల, రెండు కుర్చీలు. అంతే. ఆ బల్లే కచేరీ, అదే కొండ, అదే పడక. నటుడి చేతిలో కొరడా వుంటే కింద గుర్రం వున్నట్టే. తెడ్డు పట్టుకుని మోకాళ్ల మీద వంగి లేస్తూ నడిస్తే ఏరు దాటుతున్నట్టే. 'సాన్ చా కౌ' అని ఒక ప్రసిద్ధమైన పోరాట ఘట్టం వుంది. సత్రంలో చీకటిగదిలో ఇద్దరు ఒకర్నొకరు తడుముకుంటూ కత్తులు దూస్తారు. రంగస్థలం మీద మాత్రం దీపాలన్నీ ధగధగా వెలుగుతూనే వుంటాయి. చీకటంతా నటుల కళ్లల్లో, చేతివేళ్లల్లో వుంటుంది. చూసేవాడు కూడా దాన్ని పట్టుకోవాలి. పాట, మాట, అభినయం, పోరు అని నాలుగు విద్యలు. ఎర్రముఖమైతే నమ్మినబంటు, తెల్లముఖమైతే జిత్తులమారి, నల్లముఖమైతే నిక్కచ్చిమనిషి. మన కూచిపూడివారి ఆట తెల్లవార్లు చూసిన తాతయ్యలకు ఇదంతా చెప్పనక్కర్లేదు. మనకే చెప్పాలి.

ఈ భాషను నేర్చుకోవటానికి చిన్నతనంలోనే మొదలుపెట్టాలి. నేర్పేవాడు పక్కన వుండి ఒక్కొక్క వేలు సరిదిద్దాలి. పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. ఆ నేర్పేవాడు పోతే నాటకం కూడా అతనితోనే పోతుంది. నా వాదమంతా దీనిమీదే ఆధారపడి వుంది.

19వ శతాబ్దంలో యుద్ధాలవల్ల సూజౌ ప్రాంతం దెబ్బతిన్నది. జనం అభిరుచి గంభీరమైన కున్‌చూ నుంచి, హుషారుగా సాగే పెకింగ్ బాణీ వైపు మళ్లింది. 20వ శతాబ్దం మొదటికి వచ్చేసరికి కున్‌చూ ఆడగలిగినవాళ్లు కొద్దిమంది ముసలివాళ్లే మిగిలారు. ఆ సమయంలో, 1921లో, కొందరు అభిమానులు కలిసి సూజౌలో ఒక పాఠశాల పెట్టారు. డబ్బు పెట్టి దాన్ని నిలబెట్టినవాడు మూ ఔచూ అని షాంఘైలో నూలుమిల్లులు నడిపే ఆసామి. పత్తి వ్యాపారికి పాటల గొడవ ఎందుకు అని మన వూళ్లో అయితే అడిగేవాళ్లు! నలభైమందికి పైగా కుర్రాళ్లను చేర్చుకుని, మిగిలివున్న ముసలి నటుల చేత పాఠం చెప్పించారు. ఆ పిల్లలకు రంగస్థల నామాలు పెట్టినప్పుడు అందరి పేర్లలోనూ 'చువాన్' అనే అక్షరం చేర్చారు. చువాన్ అంటే ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి అందించటం. ఆ కుర్రాళ్లకు బరువైన పేరే పెట్టారు.

పాఠశాల ఎక్కువకాలం నడవలేదు. పిల్లలు పెద్దవాళ్లై బృందం కట్టారు. 1937లో షాంఘై మీద జపాను దాడి జరిగినప్పుడు వాళ్ల దుస్తులు, సామగ్రి తగలబడిపోయాయి. తలో దిక్కూ చెదిరిపోయారు. వాళ్లలో జౌ చువాన్‌యింగ్, వాంగ్ చువాన్‌సుంగ్ అనే ఇద్దరు చేజ్యాంగ్ ప్రాంతపు పల్లెల్లో తిరిగే ఒక చిన్న బృందంలో చేరి, దొరికిన పాకల్లో, దొరికినంత డబ్బుకు ఆడుకుంటూ రోజులు వెళ్లదీశారు.

1956లో ఆ బృందమే 'పదిహేను పేర్ల డబ్బు' అనే నాటకం పట్టుకుని పెకింగ్ నగరం వచ్చింది. పేరు అంటే చిల్లినాణేలు గుచ్చిన దండ. 17వ శతాబ్దపు కథ. ఒక కసాయి తాగినమైకంలో, "ఇదిగో, నిన్ను పదిహేను పేర్లకు అమ్మేశాను" అని మారుకూతురితో వేళాకోళమాడతాడు. ఆ పిల్ల నిజమనుకుని రాత్రికి రాత్రి ఇల్లు విడిచి పారిపోతుంది. లౌ అషూ అనే జూదరి లోపలికి దూరి కసాయిని చంపి ఆ డబ్బు కాజేస్తాడు. దారిలో ఆ పిల్లకు తోడుగా నడిచిన ఒక అమాయకుడి దగ్గర ఖర్మకాలి సరిగ్గా పదిహేను పేర్ల డబ్బే వుంటుంది! ఇద్దరికీ మరణశిక్ష పడుతుంది. శిక్ష అమలు చెయ్యవలసిన క్వాంగ్ జుంగ్ అనే అధికారికి అనుమానం వస్తుంది. మిగతా అధికారులు సంతకం పెట్టి చేతులు దులుపుకుంటే, ఆయన సోదె చెప్పేవాడి వేషం వేసుకుని హంతకుణ్ణి వెతుక్కుంటూ వెళతాడు.

ఈ నాటకాన్ని వాళ్లు ఏంచేశారన్నది గమనించండి. మూలంలో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరిమీదా రెండు తప్పుడు నేరాలు. కథ రెండు పాయలుగా, చాంతాడంత పొడుగున సాగుతుంది. వీళ్లు ఒక పాయను పూర్తిగా కోసేశారు. కొరుకుడుపడని మాటలు తీసి తేలికమాటలు పెట్టారు. నిర్లక్ష్యంగా సంతకాలు పెట్టే అధికారుల కథ కనుక కొత్త ప్రభుత్వపు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు కూడా చురుక్కుమంది. అంత కోసినా, నడక తీరు మార్చలేదు. వేలు తిప్పే తీరు మార్చలేదు. పాట బాణీ మార్చలేదు. ముసలి గురువులు 1921లో చెప్పింది చెప్పినట్టే వుంచారు. రాజధానిలో నలభైకి పైగా ప్రదర్శనలు జరిగాయి. మావో చూశాడు, చౌ ఎన్‌లై చూశాడు. ఒక్క నాటకం ఒక కళనే బతికించిందని మే 18న 'పీపుల్స్ డైలీ' సంపాదకీయం రాసింది. జౌ చువాన్‌యింగ్ అధికారి వేషం, వాంగ్ చువాన్‌సుంగ్ జూదరి వేషం. చేతికందించమని పేరుపెట్టిన పిల్లలు ముప్ఫై అయిదేళ్ల తర్వాత నిజంగా అందించారు.

ఇక్కడ పెకింగ్ ఒపెరా మహానటుడు మే లాన్‌ఫాంగ్ మాట చెప్పకుండా వుండలేను. మనకు స్థానం నరసింహారావుగారు ఎట్లాగో వాళ్లకు ఆయన అట్లాగ. స్త్రీ వేషానికి పెట్టింది పేరు. 1924లో రవీంద్రనాథ్ టాగూరు చైనా వెళ్లినప్పుడు ఆయన ఆట చూసి మెచ్చుకున్నారు. 1935లో మాస్కోలో ఆయన్ను చూసి జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ తన నాటక సిద్ధాంతానికే పదును పెట్టుకున్నాడు. జపాను ఆక్రమణ కాలంలో ఆడనని మీసాలు పెంచుకుని ఇంట్లో కూర్చున్న మొనగాడు. మే కళ్లుమూసుకుని పాతదాన్ని పట్టుకు వేలాడినవాడేమీ కాదు. కొత్త దుస్తులు, కొత్త నృత్యాలు తెచ్చాడు; పక్కవాద్యాల్లోకి అర్హూ అనే రెండు తీగెల వాయిద్యాన్ని చేర్చాడు. 1930లో అమెరికా వెళ్లినప్పుడు చిన్నచిన్న ఘట్టాలు ఏరుకుని, ప్రతి ఘట్టానికి ముందు ఇంగ్లీషులో కథా, సంకేతాలూ చెప్పించాడు. అంతటి మనిషి 1949లో ఒక పత్రికా విలేఖరితో, అడుగు ముందుకు వెయ్యాలి గాని రూపు మార్చకూడదు అన్నాడు. అంతే! అభివృద్ధి నిరోధకుడన్న విమర్శ మీదపడింది. పాపం ఆయన తన మాట సవరించుకోవలసి వచ్చింది. నన్నడిగితే ఆయన మొదట అన్నదే రైటు.

రూపు మారిస్తే ఏమవుతుందో 1966 నుంచి 1976 దాకా జరిగిన సాంస్కృతిక విప్లవం చూపించింది. పాత నాటకాలన్నీ బందు. రాజులు, మంత్రులు, సుందరాంగులు రంగస్థలం దిగిపోవాలన్నారు. వాటి స్థానంలో 'నమూనా కృతులు' ఎనిమిది నిలబెట్టారు. వాటిల్లో పాటలు కట్టినవాళ్లు సామాన్యులు కారు. చైనాలో ఈనాటికీ పెద్దవాళ్లు ఆ పాటలు పాడుకుంటూ వుంటారు, అది ఒప్పుకోవాలి. కాని నష్టం వేరేచోట జరిగింది. పదేళ్లపాటు పాత విద్యను ఏ పిల్లవాడూ బహిరంగంగా నేర్చుకోలేదు. గురువులు అవమానాల పాలయ్యారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఆ పదేళ్లలో ఎన్ని ఘట్టాలు ఎవరి ఒంట్లో వుండిపోయి వాళ్లతోనే మట్టిలో కలిశాయో! చేతినుంచి చేతికి అందవలసిన దానికి పదేళ్లంటే తక్కువ కాదు.

ఆ తర్వాత మంచిరోజులు వచ్చాయంటారు. వచ్చాయి. 2001లో యునెస్కో మొట్టమొదటిసారిగా పంతొమ్మిది కళారూపాలను మానవజాతి వారసత్వంగా ప్రకటించినప్పుడు అందులో కున్‌చూ వుంది, మన కేరళ కూటియాట్టం కూడా వుంది. 2009లో కాంటన్ ఒపెరా, 2010లో పెకింగ్ ఒపెరా ఆ జాబితాకెక్కాయి. ప్రభుత్వం డబ్బు గుమ్మరించింది. డబ్బుతోపాటు కొత్తజబ్బు వచ్చింది. అవార్డుకోసం కోట్లు ఖర్చుపెట్టి నాటకం తయారుచేస్తారు. రంగస్థలం నిండా మెట్లు, కోటలు, తెరలు; కింద వంద వాయిద్యాల పాశ్చాత్య వాద్యబృందం. బల్లా, రెండు కుర్చీలూ మూలనపడతాయి. అధికారులు వచ్చి చూస్తారు, అవార్డు వస్తుంది, సామగ్రి గిడ్డంగిలోకి పోతుంది. ఇది నా వెటకారం కాదు, అక్కడి నాటకరంగం వాళ్లు తమమీద తామే వేసుకునే జోకు. కోట నిజంగా కట్టేశాక నటుడు కంటితో కోటను చూపించటం ఎందుకు? కొన్నాళ్లకు ఆ చూపు మరచిపోతాడు.

బళ్లల్లో చెప్పించబోయిన సంగతి కూడా ఇంతే. 2008లో పది రాష్ట్రాల బళ్లలో పెకింగ్ ఒపెరా పాటలు పదిహేను సంగీతపాఠంగా పెట్టారు. వాటిలో చాలాభాగం ఆ నమూనా కృతుల్లోవే కావటంతో పెద్ద దుమారమే లేచింది. ఏ పాట అన్నది అట్లా వుంచండి, అసలు ఆట చూడని పిల్లవాడికి పాట బట్టీవేయిస్తే జన్మలో ఆ పక్కకు పోతాడా? పద్యాల విషయంలో మనకు జరిగిందదే గదా.

ఇందుకు భిన్నంగా జరిగిన పని ఒకటి వుంది. విద్యార్థి సోదరులు దీన్ని కాస్త శ్రద్ధగా చదవాలని నా మనవి. పై షియన్‌యుంగ్ అని చైనా భాషలో పేరున్న కథారచయిత. 1937లో పుట్టినవాడు, తైవాన్‌లో చదువుకుని, కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పినవాడు. పిల్లవాడుగా వున్నప్పుడు షాంఘైలో మే లాన్‌ఫాంగ్ ఆడిన కున్‌చూ చూసి ఆ మోజు జీవితమంతా మోశాడు. యూనివర్సిటీ కుర్రకారు చూడకపోతే ఈ కళ ముసలివాళ్లతోనే ముగుస్తుందని ఆయనకు పట్టుకుంది. తాంగ్ షియన్‌జూ 1598లో రాసిన 'పియోనీ పూల మంటపం' తీసుకున్నాడు. తోటలో కలగన్న పిల్ల, కలలో కనిపించిన వాడికోసం బెంగపడి చచ్చిపోయి, అతని ప్రేమవల్ల మళ్లీ బతకటం దాని కథ. మొత్తం 55 రంగాలు. ఆయనా, తోటి పండితులూ కలిసి 27 రంగాలకు దించారు. మూడు రాత్రులు, తొమ్మిది గంటల ఆట. నాయికా నాయకులు కథలో పడుచువాళ్లు గనక ఇరవైల్లో వున్న నటుల్నే ఏరుకున్నాడు.

ఇంతవరకు తెలివైన ఏ నిర్మాతైనా చేస్తాడు. తర్వాత చేసింది అసలు పని. ఆ కుర్రవాణ్ణి వాంగ్ షియూ అనే గురువుకూ, ఆ అమ్మాయిని జాంగ్ జీచింగ్ అనే విదుషీమణికీ అప్పగించాడు. పాతపద్ధతిలో నేలకు తల ఆనించి మొక్కించి మరీ శిష్యరికం చేయించాడు. ఈ కాలంలో ఇదేం చాదస్తమని కొందరు విసుక్కున్నారట. నెలల తరబడి ఉదయంనుంచి సాయంత్రందాకా సాధన. ఈ వాంగ్ షియూ ఎవరు? 1956లో నాటకాన్ని బతికించిన జౌ చువాన్‌యింగ్ శిష్యుడు! 1921లో పత్తి వ్యాపారి డబ్బుతో మొదలైన ఆ అందింపు ఇక్కడిదాకా తెగకుండా వచ్చింది. 2004లో తైపేలో మొదటి ప్రదర్శన. ఆ తర్వాత చైనాలో విశ్వవిద్యాలయాల చుట్టూ తిరిగారు, 2006లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆవరణలు నాలుగు చుట్టివచ్చారు. ఆటకు ముందు ఉపన్యాసం. ఆట తర్వాత ప్రశ్నలు. తలవెంట్రుకలు నెరిసినవాళ్లతో నిండే హాళ్లు జీన్సు ప్యాంట్లతో నిండాయి. దుస్తుల రంగులు తేలికపరిచారు, దీపాల అమరిక కొత్తగా చేశారు, అక్కడక్కడ వాద్యగోష్ఠి నాకు కాస్త తీపెక్కువైనట్టే వినిపించింది. కాని బల్లా కుర్చీల భాష మాత్రం చెడలేదు.

ఇక సెల్‌ఫోను యుగం. 2021లో కాంటన్ ఒపెరా 'తెల్లపాము' కథ సినిమాగా వచ్చి బాగా ఆడింది. 2023లో హాంగ్‌జౌలో 'న్యూ డ్రాగన్ గేట్ ఇన్' అని, నటీమణులే అన్ని వేషాలూ వేసే యూఎ ఒపెరా నాటకం, ప్రేక్షకులు సత్రంలో అతిథుల్లాగ నటుల మధ్యనే కూర్చుని చూసేది, మొదలుపెట్టారు. అందులో పురుషవేషం వేసిన చెన్ లిజున్ తోటినటిని ఎత్తుకుని గిరగిర తిరిగిన కొద్ది క్షణాల ముక్క ఒకటి ఫోనుల్లో దేశమంతా పాకిపోయింది. టిక్కెట్లు దొరకలేదు. పెద్దలు కొందరు ముక్కు విరిచారు. నాకైతే అందులో తప్పేం కనపడదు. ఆ తిరగటంలో నడుం, మెడ, చూపు ఎక్కడా బెసగలేదంటే అది ఏళ్ల తరబడి చేసిన సాధన. ఆ ముక్క చూసి వచ్చినవాడు రెండోసారి మామూలు పాత నాటకానికి వస్తాడా అన్నదే అసలు ప్రశ్న. వచ్చినవాడికి పక్కన కూర్చుని చెప్పేవాడు ఒకడుండాలి.

కాదనేవాళ్ల మాట చెప్తానన్నాను. కాలం చెల్లినదాన్ని కట్టుకుని వేలాడటమెందుకు, పోయేది పోనివ్వండి అంటారు. వాళ్ల పక్షాన చిన్నవాడేమీ లేడు, లూషున్ అంతటివాడే వున్నాడు. మే లాన్‌ఫాంగ్‌ను ఎగతాళి చేస్తూ రాశాడు. అయితే 1922లో ఆయనే రాసిన 'ఊరి నాటకం' కథ చదవండి. పెకింగు నాటకశాలలో ఆ గోల, ఆ ఇరుకు భరించలేక పారిపోయి వచ్చినవాడు, చిన్నప్పుడు పడవలో కూర్చుని దూరాన ఏటిఒడ్డున ఆడిన ఆటను ఎంత ఆపేక్షగా గుర్తుచేసుకుంటాడో! ఆయనకు కానిది ఆట కాదు, హాలు. ఇప్పటికీ చేజ్యాంగ్, ఫూజ్యెన్ పల్లెల్లో గుడి తిరునాళ్లకు మేళాలను పిలిచి ఆడిస్తారు. ముందు దేవుడికి, తర్వాత మనకు అని లెక్క. జనం తగ్గినా దేవుడు లేచిపోడు గనక ఆ మేళాలకు ఇంకా కూడు దొరుకుతోంది. యునెస్కో గుర్తింపుకన్న ఆ తిరునాళ్లే ఎక్కువమందిని బతికిస్తున్నాయేమోనని నా అనుమానం.

ఇంతకీ మా గదిమిత్రుడి సంగతి. 'పదిహేను పేర్ల డబ్బు'ను 1956లోనే సినిమాగా తీశారు. పరీక్షలైపోయాక ఒకరోజు అందులోంచి సోదె ఘట్టం పెట్టాను. చైనా మాటలు, కింద అక్షరాలు కూడా లేవు. నేనూ ఏమీ చెప్పలేదు. బెంచీమీద ఇద్దరు కూర్చుని వుంటారు. వేషం మార్చిన అధికారి నింపాదిగా ఏదో అంటాడు. ఎలుకలాంటి జూదరి వాంగ్ చువాన్‌సుంగ్ ఉలిక్కిపడి బెంచీ మీదనుంచి వెనక్కి దొర్లి, కింద దూరి, ఇవతలి పక్కన తల పైకెత్తి, ముక్కు దగ్గర తెల్లమచ్చతో రెండు కళ్లూ టపటపలాడిస్తాడు. మావాడు పడుకున్నవాడల్లా లేచి కూర్చున్నాడు.

"మళ్లీ వెయ్యి" అన్నాడు. వేశాను. మూడోసారి తనే వేసుకున్నాడు.

"వీడేరా చంపింది" అన్నాడు.